జోనింగ్ మినహాయింపు (అమెరికా)

జోనింగ్ మినహాయింపు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక పట్టణం తన భూవినియోగ నియమాలలో ఏదో ఒక దానిని ఒక ప్రత్యేక స్థలం విషయంలో మాత్రం సడలించి ఇచ్చే అనుమతి. ఆంగ్లంలో దీనిని వేరియన్స్ అని వ్యవహరిస్తారు. ఇంటికీ స్థలపు హద్దుకూ మధ్య ఖాళీగా వదలవలసిన దూరం, కంచె ఎత్తు, స్థలపు కనీస వైశాల్యం వంటి కొలతలకు సంబంధించినవి ఈ అనుమతులలో సర్వసాధారణమైనవి. నియమాలు రాక పూర్వమే కట్టబడిన ఇళ్ళ యజమానులకు వీటి అవసరం తరచుగా కలుగుతుంది. ఇల్లు ముందు, నియమం తరువాత వచ్చిన చోట ఏది దేనికి లోబడాలి అనే ప్రశ్నకు అక్కడి పట్టణాలు, న్యాయస్థానాలు, శాసనసభలు వంద సంవత్సరాలకు పైగా వేరు వేరు సమాధానాలు చెబుతూ వచ్చాయి. 2010 తరువాత ఈ సమాధానాలు మరింత వేగంగా మారుతున్నవి.

పదాల వివరణ

హద్దు నుండి వదలవలసిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటారు. ఇది ముందు, వెనుక, పక్కల వేరు వేరుగా ఉంటుంది. గాలి, వెలుతురు, అగ్నిమాపక సిబ్బంది రాకపోకలు, వీధి పొడవునా ఇళ్ళ వరుస ఒకే తీరుగా ఉండడం దీని ఉద్దేశాలు.

కట్టిన నాడు చట్టబద్ధమై ఉండి, తరువాత వచ్చిన నియమాలకు సరిపడని కట్టడాన్ని నాన్‌కన్ఫార్మింగ్ కట్టడం అంటారు. ఈ వ్యాసంలో దానిని "పొసగని కట్టడం" అని పేర్కొనడమైనది. ఇది అక్రమ కట్టడం కాదు. ఈ రెండింటికీ గల భేదాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తరువాతి చర్చ అంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది. ఉదాహరణకు 1925లో 40 అడుగుల వెడల్పు గల స్థలంలో ఒకరు ఇల్లు కట్టుకున్నారనుకుందాం. 1955లో పట్టణం ప్రతి పక్కా 10 అడుగులు వదలాలని నియమం చేసినది. ఇల్లు హద్దుకు 4 అడుగుల దూరంలోనే ఉన్నది. యజమాని ఏ తప్పూ చేయలేదు. అయినా ఆ రోజు నుండి అది పొసగని ఇల్లు. అదే నియమం ప్రకారం కొత్తగా కట్టదలిస్తే ఆ స్థలంలో 20 అడుగుల వెడల్పు ఇల్లు మాత్రమే పడుతుంది.

పొసగకపోవడం మూడు విధాలు: వాడుక పొసగకపోవడం (ఇళ్ళ మధ్య ఉన్న పాత దుకాణం), కట్టడం పొసగకపోవడం (పైన చెప్పిన ఇల్లు), స్థలమే పొసగకపోవడం (కనీస వైశాల్యం కన్నా చిన్నది). మినహాయింపులు మాత్రం రెండు రకాలు. వాడుకకు సంబంధించినది ఒకటి, కొలతలకు సంబంధించినది మరొకటి. మొదటిది దొరకడం చాలా కష్టం. కొన్ని రాష్ట్రాలలో దానిని ఇవ్వనే కూడదు.

చరిత్ర

జోనింగ్ అనే మాట వాడుకలోకి రాక ముందే ఇంటి ముందు ఖాళీ గురించిన తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్ నగరంలో ఒక వీధిలోని ఆస్తి యజమానులలో మూడింట రెండు వంతుల మంది కోరితే, నగరం ఆ వీధికి 5 నుండి 30 అడుగుల మధ్య ఒక కట్టడపు రేఖను నిర్ణయించవలసి ఉండేది. ఈ నిబంధనను 1912లో యూబ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఒక యజమాని హక్కును పొరుగువారి ఇష్టాయిష్టాలకు వదలరాదన్నది ఆ తీర్పు సారం.

1916 జూలైలో న్యూయార్క్ నగరం మొత్తం నగరానికి వర్తించే జోనింగ్ తీర్మానాన్ని ఆమోదించినది. అంతకు ముందు సంవత్సరం బ్రాడ్‌వేలో పూర్తయిన ఈక్విటబుల్ భవనం ఒక ఎకరం కన్నా తక్కువ స్థలంలో సుమారు 12 లక్షల చదరపు అడుగుల అంతస్తులతో నిలువునా లేచి చుట్టుపక్కల వీధులను చీకటి చేయడం ఈ తీర్మానానికి ఒక కారణం. తీర్మానంతో పాటు ఒక అప్పీళ్ల బోర్డు కూడా ఏర్పడినది. ఈ పథకానికి సూత్రధారి అయిన న్యాయవాది ఎడ్వర్డ్ బాసెట్ ఆలోచన ఇది: నియమం ఎక్కడో ఒక విచిత్రమైన స్థలం దగ్గర మరీ కఠినంగా పనిచేస్తే, దాని యజమాని కోర్టుకెక్కి మొత్తం చట్టాన్నే కూల్చగలడు, ఆ ఒక్కనికీ ఊరట ఇచ్చే తలుపు ఒకటి ఉంటే చట్టం నిలుస్తుంది. అనగా మినహాయింపు పుట్టినది యజమానిపై దయతో మాత్రమే కాదు, చట్టపు ఆత్మరక్షణ కొరకు కూడా.

హెర్బర్ట్ హూవర్ వాణిజ్య మంత్రిగా ఉన్న కాలంలో, 1920లలో, ఆ శాఖ రాష్ట్రాల కొరకు ఒక నమూనా చట్టం తయారు చేసినది. ఐదుగురు సభ్యుల బోర్డు, నలుగురి అంగీకారం, స్థలానికి గల ప్రత్యేక పరిస్థితుల వలన "అనవసరమైన కష్టం" కలగడం అనే షరతులు అందులోనివే. పొసగని కట్టడాల గురించి మాత్రం ఆ నమూనా ఏమీ చెప్పలేదు. ఈ మౌనం వలన కలిగిన చిక్కులు నేటికీ తీరలేదు.

1926లో యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు జోనింగ్ రాజ్యాంగబద్ధమేనని తేల్చినది. మరుసటి సంవత్సరం గోరీబ్ కేసులో సెట్‌బ్యాక్‌లను కూడా సమర్థించినది. వర్జీనియాలోని రోనోక్ నగరంలో ఒక యజమాని వీధి అంచు వరకు దుకాణం కట్టదలచగా, నగర మండలి ప్రత్యేకంగా పరిశీలించి 34 అడుగుల 8 అంగుళాలు వెనక్కి జరిపి కట్టుకోమన్నది. మినహాయింపులిచ్చే అధికారాన్ని మండలి తన దగ్గర ఉంచుకోవడం తప్పు కాదని న్యాయస్థానం అభిప్రాయపడినది.

పొసగని ఇంటి స్థితి

తొలినాటి పట్టణ ప్రణాళికాకర్తలు పొసగని కట్టడాలు కాలక్రమంలో తమంతట తామే అంతరిస్తాయని ఆశించారు. అందుకే వాటిని ఉండనిచ్చారు గాని పెరగనివ్వలేదు. అయితే అవి అంతరించలేదు. యుద్ధానంతరం శివారు పట్టణాలు పెద్ద స్థలాలు, పెద్ద ఖాళీలు కోరే నియమాలను పాత వీధుల మీద కూడా పరచినందున, కొన్ని పేటలలో నియమానికి సరిపడే ఇల్లు వెదికి చూడవలసిన పరిస్థితి ఏర్పడినది.

ఇటువంటి ఇంటిలో నివసించడానికి, మరమ్మతులు చేసుకోవడానికి, అమ్ముకోవడానికి అభ్యంతరం లేదు. చిక్కు రెండు సందర్భాలలో వస్తుంది. ఒకటి, ఇల్లు పెంచదలచినప్పుడు. రెండు, ఇల్లు కాలిపోయినప్పుడు. మిన్నెసోటా చట్టాన్ని ఉదాహరణగా తీసుకుంటే, అగ్ని వంటి ప్రమాదంలో కట్టడపు మార్కెట్ విలువలో సగానికి మించి నష్టపోయి, 180 రోజుల లోగా అనుమతికి దరఖాస్తు చేయకపోతే పాత హక్కు పోతుంది. ఒక సంవత్సరానికి మించి వాడుక ఆగినా అంతే. కొన్ని పట్టణాలలో సగం దాటిన నష్టంతోనే హక్కు ముగుస్తుంది. అందువలన ఇంటి రుణం ఇచ్చే సంస్థలు కొన్నిసార్లు "ఇల్లు కాలిపోతే అదే చోట తిరిగి కట్టుకోవచ్చు" అని పట్టణం నుండి లేఖ తెమ్మంటాయి. పాత ఇల్లు కొనేవారు ఈ విషయం ముందుగానే విచారించుకోవడం మంచిది.

మినెటోంకా కేసు

ఈ విషయం మీద ఇటీవలి కాలంలో బాగా చర్చకు వచ్చిన తీర్పు మిన్నెసోటా రాష్ట్రంలోని మినెటోంకా నగరానికి చెందినది. 1940లలో, నగరానికి మొదటి జోనింగ్ నియమాలు రాక మునుపే, ఒక ఇంటి ఆవరణలో సమతలపు కప్పుతో విడిగా ఒక కారు షెడ్డు కట్టబడినది. తరువాతి నియమం ప్రకారం ముందు హద్దు నుండి 50 అడుగుల దూరం ఉండాలి. షెడ్డు 17 అడుగుల దూరంలోనే ఉన్నది. 2008లో యజమాని దానిపై వాలు కప్పు వేసి, పైన యోగాభ్యాసానికీ చేతిపనులకూ ఒక గది కట్టుకోవడానికి మినహాయింపు కోరినది. షెడ్డు ఆక్రమించిన నేల ఒక్క అంగుళం కూడా పెరగదు. పెరిగేది ఎత్తు మాత్రమే. నగర మండలి అనుమతించినది. ఎదుటి ఇంటివారు తమ ఇంటి నుండి కనిపించే దృశ్యానికి అడ్డు వస్తుందని కోర్టుకు వెళ్ళారు.

అప్పటివరకు ఆ రాష్ట్రంలో అప్పీలు కోర్టు 1989లో చెప్పిన సూత్రం అమలులో ఉండేది: యజమాని కోరిన వాడుక సహేతుకమైతే చాలు, నియమం దానికి అడ్డు వస్తే అది కష్టమే. కింది కోర్టులు రెండూ ఈ సూత్రం ప్రకారమే నగరాన్ని సమర్థించాయి. కాని 2010 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు చట్టం తెరచి దానిలోని మాటలు చూసినది. మినహాయింపు లేకపోతే ఆస్తిని సహేతుకంగా వాడుకోవడమే సాధ్యం కాదు అన్నప్పుడే కష్టం ఉన్నట్లు అని ఆ చట్టంలో ఉన్నది. షెడ్డు షెడ్డుగా అప్పటికే పనికివస్తున్నది కదా! న్యాయస్థానం నగర నిర్ణయాన్ని తోసిపుచ్చి కేసును తిరిగి పంపినది.

చట్టపు అక్షరం దృష్ట్యా ఈ తీర్పును తప్పుపట్టడం కష్టం. ఫలితం మాత్రం విపరీతమైనది. ఇల్లున్న ప్రతి స్థలమూ ఏదో ఒక విధంగా వాడుకలో ఉన్నట్లే కనుక, ఈ కొలబద్దతో చూస్తే నివాస స్థలాలకు మినహాయింపు ఇవ్వడం దాదాపు అసాధ్యం. తమ చేతులు కట్టివేసినట్లయిందని పట్టణాలు వాపోయాయి. 2011లో రాష్ట్ర శాసనసభ "అనవసరమైన కష్టం" అనే మాటను తొలగించి "ఆచరణలో ఇబ్బంది" అనే మాటను చేర్చినది. కోరిన వాడుక సహేతుకంగా ఉండాలి, ఇబ్బంది ఆ స్థలానికే ప్రత్యేకమైనదై యజమాని స్వయంగా తెచ్చిపెట్టుకున్నది కాకూడదు, పరిసరాల స్వభావం మారకూడదు అని మూడు షరతులు పెట్టినది. డబ్బు నష్టం ఒక్కటే కారణమైతే చెల్లదు. సౌర ఫలకాలకు ఎండ తగలకపోవడం మాత్రం ఇబ్బందిగా లెక్కకు వస్తుంది.

ఇతర రాష్ట్రాలు

వర్జీనియాలో కూడా ఇదే కథ నడిచినది. 2004లో అక్కడి సుప్రీంకోర్టు అన్ని సహేతుక వాడుకలకూ నియమం అడ్డుపడితే తప్ప మినహాయింపు కూడదన్నది. 2015లో శాసనసభ చట్టాన్ని మార్చి, ఆస్తి వినియోగాన్ని నియమం అకారణంగా పరిమితం చేస్తే చాలునన్నది. న్యూయార్క్‌లో 1992 నుండి అమలులో ఉన్న చట్టం కష్టం అనే మాటను కొలతల మినహాయింపుల నుండి తీసివేసి, యజమానికి కలిగే మేలునూ పొరుగుకు కలిగే కీడునూ తూచమన్నది. ఇబ్బంది స్వయంకృతమైనా అది ఒక అంశమే గాని తిరస్కరణకు చాలిన కారణం కాదు. 1995లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఒక చిన్న, పొసగని స్థలంలో పడవ షెడ్డు కట్టడానికి ఇచ్చిన మినహాయింపును ఈ తూకం ప్రకారమే నిలబెట్టినది.

మసాచుసెట్స్ వేరొక దారి పట్టినది. అక్కడ మినహాయింపు దొరకడం అతి కష్టం; నేల స్వభావం, ఆకారం, ఎత్తుపల్లాల వలన కలిగిన ఇబ్బంది ఉండాలి. అయితే పొసగని ఒంటరి ఇళ్ళకు, జంట ఇళ్ళకు చట్టం పక్క ద్వారం తెరచినది. పొసగకపోవడం పెరిగినా, ఆ మార్పు మునుపటికన్నా పరిసరాలకు గణనీయంగా ఎక్కువ హాని చేయదని బోర్డు తేల్చితే చాలు, మినహాయింపు అక్కరలేదు. ఈ ఇళ్ళ విషయంలో ఈ పద్ధతే న్యాయమైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఇక్కడ అడుగుతున్న ప్రశ్న యజమాని కష్టం గురించి కాదు, పొరుగు నష్టం గురించి.

టెక్సాస్ 2021లో చేసిన చట్టం మరింత సూటిగా ఉన్నది. నియమానికి సరిపడేలా మార్చడానికి అయ్యే ఖర్చు కట్టడపు మదింపు విలువలో సగానికి మించితే, లేదా కట్టుకోదగిన స్థలంలో కనీసం 25 శాతం కోల్పోవలసి వస్తే, లేదా కట్టడం పొసగనిదిగా పట్టణమే పరిగణిస్తే, బోర్డు వీటిని కష్టానికి ఆధారాలుగా చూడవచ్చును. చూచి తీరాలని మాత్రం లేదు. అనుమతికి బోర్డు సభ్యులలో 75 శాతం మంది అంగీకారం కావాలి.

కంచెలు

కంచె చిన్న విషయంగా కనిపించినా తగాదాలు దీనితోనే ముదురుతాయి. చాలా పట్టణాలలో కంచెను హద్దు మీదనే వేసుకోవచ్చును. నియమం ఎత్తుకు మాత్రమే. సాధారణంగా ముందు వైపు 3 లేదా 4 అడుగులు, వెనుక 6 అడుగులు. మూల స్థలానికి రెండు వీధులు కనుక రెండు ముందు వైపులు ఉంటాయి. యజమాని దృష్టిలో పెరడు అయినది నియమం దృష్టిలో వీధి ముఖం అవుతుంది. పైగా మలుపు దగ్గర వాహనదారులకు దారి కనిపించడానికి ఒక త్రికోణపు జాగా తెరపి వదలాలి. ఈ త్రికోణంలో మినహాయింపు ఇవ్వడానికి బోర్డులు సాధారణంగా ఇష్టపడవు.

భవన నియమావళి ప్రకారం ఫలానా ఎత్తు వరకు కంచెకు నిర్మాణ అనుమతి అక్కరలేదని ఉండవచ్చు. అంతమాత్రాన జోనింగ్ పరిమితి పోయినట్లు కాదు. ముందు కంచె కట్టి తరువాత మినహాయింపు అడిగే యజమానులలో చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా భావించినవారే. పాత కంచె ఎత్తుగా ఉండి పొసగనిదైతే మరమ్మతు చేయవచ్చును. పూర్తిగా పీకివేసి కొత్తది వేస్తే మాత్రం కొత్త నియమమే వర్తిస్తుందనే పట్టణాలు ఉన్నాయి. ఈత కొలను ఉంటే నియమం తలక్రిందులవుతుంది: కంచె కనీసం 48 అంగుళాలు ఉండాలి అంటుంది. గృహయజమానుల సంఘం నిబంధనలు వీటన్నింటికీ వేరు. పట్టణం మినహాయింపు ఇచ్చినా సంఘం అభ్యంతరం నిలుస్తుంది.

పొరుగువారిని బాధించడానికే కట్టే కంచెలను అరికట్టడానికి మసాచుసెట్స్ 1887లోనే చట్టం చేసినది. 1889లో దానిని సమర్థిస్తూ తీర్పు రాసినది అప్పుడు ఆ రాష్ట్ర న్యాయస్థానంలో ఉండిన ఆలివర్ వెండెల్ హోమ్స్.

విచారణ

దరఖాస్తుతో పాటు సర్వే పటం, కట్టదలచిన దాని నమూనా ఇవ్వాలి. నిర్ణీత దూరంలో ఉన్న పొరుగువారికి నోటీసులు వెళతాయి. బహిరంగ విచారణలో ఎవరైనా మాట్లాడవచ్చును. బోర్డు సభ్యులు చాలా చోట్ల జీతం లేని స్థానిక పౌరులు. పొరుగువారందరి సంతకాలు తెస్తే పని అయిపోతుందని దరఖాస్తుదారులు అనుకుంటారు గాని, అది చట్టంలోని ఆధారం కాదు. వ్యతిరేకించినవారు ఎక్కువ కావడం కూడా తిరస్కరణకు చాలదు. 1912 నాటి సూత్రం ఇక్కడ రెండు వైపులా పనిచేస్తుంది. సంతకాల బలం ఏమీ లేదని చెప్పలేము, కాని మనుషుల ఇష్టం కన్నా కొలతలు, ఛాయాచిత్రాలు, నీడ పడే దిశ వంటివి న్యాయస్థానంలో నిలుస్తాయి.

మినహాయింపు స్థలానికి చెందుతుంది గాని యజమానికి కాదు. ఇల్లు అమ్మినా అది స్థలంతో పాటే కొనసాగుతుంది. అందువలననే యజమాని వ్యక్తిగత కారణాలకు బోర్డులు విలువనివ్వవు. తెలుగువారు ఎక్కువగా నివసించే టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా శివారులలో ఇది గమనించదగిన విషయం. వాస్తు ప్రకారం తూర్పు వైపు వసారా పెంచాలన్నా, వంటగది ఆగ్నేయానికి జరపాలన్నా, ఆ కోరిక యజమానిదే గాని నేలది కాదు. సాధారణ సూత్రం ప్రకారం అది కష్టంగా లెక్కకు రాదు. ఇంట్లో వికలాంగులు ఉండి చక్రాల కుర్చీకి వాలుదారి కావలసి వస్తే సంగతి వేరు. 1988లో సవరించబడిన సమాఖ్య గృహవసతి చట్టం ప్రకారం పట్టణం సహేతుకమైన సర్దుబాటు చేయవలసి ఉంటుంది.

ఇటీవలి పరిణామాలు

విస్కాన్సిన్‌లో సెయింట్ క్రోయ్ నది ఒడ్డున పక్కపక్కన ఉన్న రెండు చిన్న స్థలాలు ఒకే కుటుంబం చేతికి వచ్చినందున నియమం ప్రకారం కలిసిపోయాయి. ఒకదానిని విడిగా అమ్ముకోవడానికి మినహాయింపు దొరకలేదు. 2017 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 తీర్పుతో రెండూ ఒకే ఆస్తి అనీ, పరిహారం ఇవ్వనక్కరలేదనీ చెప్పినది. అదే సంవత్సరం రాష్ట్ర శాసనసభ ఇటువంటి విలీనాలను నిషేధించినది. కోర్టులో ఓడినవారు శాసనసభలో గెలవడం ఈ రంగంలో ఒక రివాజుగా మారినది.

ఇళ్ళ కొరత తీవ్రమైన కాలిఫోర్నియా ఇంకా ముందుకు వెళ్ళినది. 2022 నుండి అమలైన చట్టం ప్రకారం ఒంటరి ఇళ్ళ పేటలలో కొత్త యూనిట్లకు పక్కన, వెనుక 4 అడుగులకు మించి సెట్‌బ్యాక్ అడగరాదు. పాత కట్టడం ఉన్న చోటనే మార్చితే అసలు అడగరాదు. పెరటి చిన్న ఇంటికి అనుమతి ఇవ్వడానికి ఆస్తిలోని పొసగని అంశాలను సరిచేయమని షరతు పెట్టరాదు. విచారణ కూడా ఉండదు. టెక్సాస్ 2025లో పెద్ద నగరాలలోని కొత్త లేఅవుట్లకు 3,000 చదరపు అడుగులకు మించి కనీస వైశాల్యం కోరరాదని చట్టం చేసినది. నియమమే చిన్నదైతే మినహాయింపు అవసరం తగ్గుతుంది, ఇది నిజం. కాని పక్కింటివారు తమ కిటికీకి ఎదురుగా గోడ లేస్తున్నదని చెప్పుకోవడానికి ఉన్న ఒకే వేదిక కూడా దీనితో పోతున్నది.

తెలుగు రాష్ట్రాలతో పోలిక

తెలుగు రాష్ట్రాలలో సెట్‌బ్యాక్ నియమాలు ఉన్నా, ఒక్కొక్క స్థలానికి పొరుగువారిని పిలిచి విచారించే ఇటువంటి బోర్డు లేదు. 2012 భవన నిర్మాణ నియమాల ప్రకారం బహుళ అంతస్తులు కాని భవనాలలో ముందు వైపు మినహా మిగిలిన సెట్‌బ్యాక్‌లలో 10 శాతం వరకు ఉల్లంఘనను, ఉల్లంఘించిన మేరకు రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన భూమి విలువకు సమానమైన జరిమానాతో అధికారి మన్నించవచ్చును. అంతకు మించినవాటికి సామూహిక క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి: ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు 31న, విభజన తరువాత 2015లో రెండు రాష్ట్రాలలోనూ. తెలంగాణ పథకం హైకోర్టులో సవాలు చేయబడినది.

భేదం ఇక్కడ స్పష్టం. అమెరికా బోర్డు ముందుకు వచ్చే పాత ఇల్లు కట్టిన నాడు సక్రమమే, అడిగేది కట్టబోయే దానికి. క్రమబద్ధీకరణ పథకం ముందుకు వచ్చేది ఎక్కువగా కట్టిన నాడే అనుమతిని మించిన భవనం. రుసుము ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. మీటరు సందు అర మీటరు అయినందున వెలుతురు కోల్పోయిన పక్కింటివారికి నోటీసు గాని, మాట్లాడే అవకాశం గాని, ఆ రుసుములో భాగం గాని లేదు. 2024 డిసెంబరు 17న ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో భారత సుప్రీంకోర్టు, అధికారుల జాప్యం గాని, పెట్టిన ఖర్చు గాని అక్రమ నిర్మాణాన్ని సక్రమం చేయలేవని చెప్పి, నివాస ధ్రువపత్రం లేని భవనాలకు విద్యుత్తు, నీరు వంటి సేవలను ఇవ్వరాదని దేశమంతటికీ ఆదేశాలు ఇచ్చినది.